ఒక ఫీజు, నాలుగు రశీదులు

(హైదరాబాద్‌లో ఒక శనివారం సాయంత్రం డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. మాటల మధ్య తడబాట్లు తీసేశాం, చివర కొన్ని ప్రశ్నలు ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

నేను చెప్పబోయేది చాలా చిన్న విషయం. ఏపీఐ కాల్, అంటే మన ప్రోగ్రాం ఇంకో సర్వర్‌కి పంపే రిక్వెస్ట్, ఫెయిలైతే లైబ్రరీయే దానంతట అది మళ్లీ పంపుతుంది కదా, ఆ రీట్రై సెట్టింగ్ గురించి. కోడ్‌లో అది రెండు మూడు లైన్లు. ఆ లైన్లు నేను ఒకసారి పాత ప్రాజెక్టు నుంచి కాపీ చేసి తెచ్చుకున్నాను. దానివల్ల ఏమైందో ముందు చెప్తాను.

అప్పట్లో కాలేజీ ఫీజులు కట్టించుకునే ఒక సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేదాన్ని. ఫీజు కట్టగానే తల్లికో తండ్రికో రశీదు మెసేజ్ వెళ్లాలి. మెసేజ్‌లు పంపేది మేం కాదు, బయటి గేట్‌వే ఒకటి. మేం దానికి "ఈ పని చెయ్యి" అని ఒక పోస్ట్ రిక్వెస్ట్ పంపిస్తాం, అది మెసేజ్ వదులుతుంది. ఫీజుకి ఆఖరు తేదీ రోజు, పొద్దున పదకొండు గంటలప్పుడు ఆఫీసు ఫోన్ మోగింది. అవతల ఒక పెద్దాయన. "అమ్మా, పద్దెనిమిది వేల అయిదొందలు కట్టాను. నాలుగు మెసేజ్‌లొచ్చాయి. నాలుగుసార్లు తీసేసుకున్నారా తల్లీ?" అన్నాడు. "లేదండీ, డబ్బు ఒక్కసారే కట్ అయింది, మెసేజే నాలుగుసార్లు వచ్చింది" అన్నాను. ఆయన నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? నాలుగు మెసేజ్‌ల్లోనూ "మీ ఫీజు అందింది" అనే ఉంది. పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి పోయి, ఎంట్రీ వేయించుకుని, మధ్యాహ్నం మళ్లీ ఫోన్ చేశాడు. "ఒక్కసారే పోయిందమ్మా, నువ్వు చెప్పింది నిజమే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

ఆయన ఒక్కడే కాదు, ఆ రోజు పొద్దున కట్టినవాళ్లలో చాలామందికి అలాగే వెళ్లాయి. లాగ్‌లు తీసి చూశాం. గేట్‌వే పడిపోలేదు. రష్ ఎక్కువై నెమ్మదించింది. మా రిక్వెస్ట్ అందుకుని, మెసేజ్‌ని క్యూలో పెట్టి, "సరే" అని జవాబివ్వడానికి దానికి ఎనిమిది సెకన్లు పడుతోంది. మా టైమౌట్, అంటే జవాబు కోసం మేం ఆగే గడువు, 5 సెకన్లు. అయిదో సెకనులో మా లైబ్రరీ "జవాబు రాలేదు, ఫెయిల్" అనుకుని మళ్లీ పంపింది. అలా మూడు రీట్రైలు. మొదటిదానితో కలిపి నాలుగు. నాలుగింటినీ గేట్‌వే బుద్ధిగా పూర్తి చేసింది. ఇంకో సంగతి గమనించారా? అది నెమ్మదించిన రోజే మేం దానికి నాలుగింతలు పని అప్పజెప్పాం.

జవాబు రాకపోతే మనకి తెలిసేది అంతే, జవాబు రాలేదని. మన మాట అవతలికి చేరనే లేదా, చేరి పని మధ్యలో ఉందా, పని అయిపోయి జవాబు దారిలో తప్పిపోయిందా? ఈ మూడూ మనవైపు నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. ఇవాళ నేను చెప్పే ప్రతి సెట్టింగూ ఈ తెలియనితనంతో ఎలా వేగాలి అన్నదాని గురించే.

ఈ తికమక మనతో మొదలైంది కాదు. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య నెట్‌వర్క్ కుదేలైంది. రెండు చోట్లకీ మధ్య దూరం 400 గజాలు. నడిచినా అయిదు నిమిషాలు పట్టదు. సెకనుకి 32 కిలోబిట్లు పోయే దారిలో 40 బిట్లు పోవడం మొదలైంది. పొరపాటున అనలేదు, 40 బిట్లే. ఆ ల్యాబ్‌లో పరిశోధకుడు వ్యాన్ జాకబ్‌సన్ దీని వెంట పడి, 1988లో పేపర్ రాశాడు. దారి రద్దీగా ఉంటే ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, క్యూలో నిలబడి ఆలస్యమవుతాయి. పంపిన కంప్యూటర్ మాత్రం పోయిందనుకుని ఇంకోటి పంపుతుంది. అదీ అదే క్యూలో నిలబడుతుంది. క్యూ ఇంకా పెరుగుతుంది. పోయినవాటి కంటే, పోయాయనుకుని మళ్లీ పంపినవే దారిని నింపేశాయి. అంటే మా ఫీజు మెసేజ్‌ల కథే, ముప్పై ఏళ్లకి పైగా ముందు. ఆయన చెప్పిన మందులో ముఖ్యమైన భాగం ఏంటంటే, జవాబు రాకపోతే పంపేవాడే తగ్గాలి. మళ్లీ పంపేముందు ఎడం పెంచుకుంటూ పోవాలి.

మనం మాత్రం ఆ పాఠాన్ని ఇంటర్నెట్‌లో ప్యాకెట్లు చేరవేసే టీసీపీకి వదిలేసి, దాని మీద కట్టిన ఏపీఐల్లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాం.

సరే, లైబ్రరీలోకి వద్దాం. పైథాన్‌లో ఏపీఐ కాల్స్ చేసే రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడనివాళ్లు ఇక్కడ తక్కువే అనుకుంటా. దాని లోపల నిజంగా కష్టపడేది యూఆర్ఎల్‌లిబ్3 అనే ఇంకో లైబ్రరీ. రిక్వెస్ట్స్ మామూలుగా ఒక్కసారి కూడా రీట్రై చేయదు, డిఫాల్ట్ 0. "మరి నేను మ్యాక్స్ రీట్రైస్ 3 అని ఇచ్చాను, 503, అంటే సర్వర్ ఇప్పుడు పని చేయలేనన్న కోడ్, వచ్చినా మళ్లీ పంపలేదేంటి?" అని అడుగుతుంటారు. అక్కడ ఉత్త అంకె ఇస్తే దాని అర్థం వేరు. డాక్యుమెంటేషన్ ప్రకారం, సర్వర్ అడ్రస్ దొరకకపోయినా, కనెక్షనే కుదరకపోయినా మాత్రమే మళ్లీ ప్రయత్నిస్తుంది. మన డేటా ఒక్కసారి సర్వర్‌ని చేరిందంటే ఇక ముట్టుకోదని అందులో రాసి ఉంది. చాలామంది దీన్ని బగ్ అనుకుంటారు. నాకైతే ఇందులో మంచి ఇంగితం కనిపిస్తుంది. కనెక్షన్ కుదరలేదంటే పని మొదలవలేదని ఖాయం, కాబట్టి మళ్లీ పంపినా నష్టం లేదు. డేటా వెళ్లిపోయాక ఏం జరిగిందో తెలియదు, కాబట్టి నిన్ను అడగకుండా పంపను అంటోంది.

503 లాంటివాటికి కూడా రీట్రై కావాలంటే రీట్రై అనే క్లాసుతో ఒక ఆబ్జెక్ట్ చేసి, దాన్ని అడాప్టర్‌కి ఇచ్చి, ఆ అడాప్టర్‌ని సెషన్‌కి, అంటే వరస కాల్స్‌కి ఒకే సెట్టింగులు పట్టి ఉంచే ఆబ్జెక్ట్‌కి, తగిలించాలి. ఇక్కడో చిన్న గొయ్యి ఉంది. సెషన్ చక్కగా తయారుచేసి, కింద మాత్రం అలవాటు కొద్దీ సెషన్ లేకుండా నేరుగా రిక్వెస్ట్స్ డాట్ గెట్ అని పిలుస్తారు. మీరు పెట్టిన సెట్టింగులు ఆ కాల్‌కి తగలవు. కోడ్ రివ్యూలో ఇది నేను చాలాసార్లు పట్టుకున్నాను, నాది రెండుసార్లు వేరేవాళ్లు పట్టుకున్నారు.

ఆ క్లాసులో టోటల్, కనెక్ట్, రీడ్, స్టేటస్ అని వేరువేరు లెక్కలు ఉంటాయి. మీరేమీ ఇవ్వకుండా ఉత్త రీట్రై ఆబ్జెక్ట్ చేస్తే టోటల్ 10. స్టేటస్ ఫోర్స్‌లిస్ట్‌లో ఏ కోడ్‌లు వస్తే మళ్లీ పంపాలో చెప్తాం. సాధారణంగా సర్వర్ వైపు ఇబ్బంది చెప్పే 502, 503, 504. మన రిక్వెస్టే తప్పని చెప్పే 400, 401, 404 లాంటివి అందులో పెట్టినవాళ్లని చూశాను. పాస్‌వర్డ్ తప్పైతే నాలుగుసార్లు కొట్టినా తప్పే కదా, అకౌంట్ లాకవడం తప్ప ఒరిగేదేమీ లేదు. 

అన్నిటికంటే ముఖ్యమైంది అలౌడ్ మెథడ్స్, అంటే ఏ రకం రిక్వెస్ట్‌లని మళ్లీ పంపొచ్చు అన్న జాబితా. డిఫాల్ట్‌గా ఈ జాబితాలో గెట్, హెడ్, పుట్, డిలీట్, ఆప్షన్స్, ట్రేస్ ఉంటాయి. పోస్ట్ ఉండదు. కావాలనే వదిలేశారు. హెచ్‌టీటీపీ స్పెసిఫికేషన్ ప్రకారం మిగతావి ఎన్నిసార్లు చేసినా ఒకసారి చేసినట్టే ఉండాలి. పోస్ట్‌కి ఆ హామీ లేదు. నేను కాపీ చేసి తెచ్చుకున్న కోడ్‌లో అలౌడ్ మెథడ్స్ ఈక్వల్స్ నన్ అని ఉంది. నన్ అంటే ఏ మెథడూ వద్దని అర్థం అనుకున్నాను. ఈ లైబ్రరీలో నన్ అంటే అన్నిటికీ ఓకే అని. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఇంగ్లీషులో నాలుగక్షరాల ఆ మాటే పెద్దాయన్ని బ్యాంకు దాకా నడిపించింది.

పాత కోడ్ ఉన్నవాళ్లకి ఒక మాట. ఈ జాబితా పేరు ఒకప్పుడు మెథడ్ వైట్‌లిస్ట్. యూఆర్ఎల్‌లిబ్3 వెర్షన్ 1.26లో పేరు మార్చారు, 2.0లో పాత పేరు పూర్తిగా తీసేశారు. పాత ట్యుటోరియల్ చూసి రాస్తే ఎర్రర్ వస్తుంది. అదీ మంచిదే, కనీసం ఆగి చదువుతారు.

ఇప్పుడు ఎడం గురించి. ఆ ఎడం ఎంతో చెప్పే బ్యాకాఫ్ ఫ్యాక్టర్ డిఫాల్ట్ 0. అంటే మూడు రీట్రైలు పెట్టి ఇది వదిలేస్తే మూడూ వెంటవెంటనే పోతాయి. పడిపోయిన మనిషి లేవకముందే "లేచావా, లేచావా, లేచావా" అన్నట్టు. 0.5 పెడితే మొదటి రీట్రై వెంటనే, రెండోది 1 సెకను ఆగి, మూడోది 2 సెకన్లు ఆగి, అలా రెట్టింపవుతూ పోతుంది. మొదటి రీట్రైకి ఎడం ఉండదన్నది చాలామందికి తెలియదు. ఎంత పెరిగినా 120 సెకన్ల దగ్గర ఆగుతుంది.

సర్వరే "ఇంతసేపాగి రా" అని చెప్పొచ్చు. దానికి రీట్రై ఆఫ్టర్ అనే హెడర్ ఉంది. 413, 429, 503 జవాబులతో ఈ హెడర్ వస్తే, మన జాబితాలో ఆ కోడ్ లేకపోయినా లైబ్రరీ దాన్ని మన్నించి ఆగి మళ్లీ పంపుతుంది. మర్యాద బాగుంది. కానీ నేను చెప్పిన 120 సెకన్ల కట్టడి దీనికి వర్తించదు. సర్వర్ "గంటాగి రా" అంటే, 3600 అని రాస్తే, మీ థ్రెడ్ నిద్రపోతుంది. అవతల యూజర్ తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అందుకే నేను ముందు అడిగే ప్రశ్న ఎన్ని రీట్రైలని కాదు. ఈ కాల్ కోసం ఎదురుచూస్తున్నది ఎవరు, ఎంతసేపు చూస్తారు? లెక్క వేద్దాం. టైమౌట్ 5 సెకన్లు, రీట్రైలు 3, బ్యాకాఫ్ ఫ్యాక్టర్ 0.5. నాలుగు ప్రయత్నాలు, నాలుగైదులు ఇరవై. మధ్యలో ఎడం 0, 1, 2, మొత్తం మూడు. ఇరవై మూడు సెకన్లు. యూజర్‌కీ మా సర్వర్‌కీ మధ్య ఉన్న గేట్‌వే (మెసేజ్‌లది కాదు, వేరేది) పది సెకన్లకే యూజర్‌కి ఎర్రర్ చూపించేసేది. అంటే మూడో ప్రయత్నం నుంచి మేం చేస్తున్నదంతా వెళ్లిపోయిన అతిథికి వడ్డన. యూజర్ ఏం చేశాడు? మళ్లీ బటన్ నొక్కాడు. ఇంకో నాలుగు మొదలు.

టైమౌట్ గురించి కూడా ఒక మాట. రిక్వెస్ట్స్‌లో మీరు టైమౌట్ ఇవ్వకపోతే అసలు టైమౌటే ఉండదు. సర్వర్ మాట్లాడకుండా కూర్చుంటే మీరూ కూర్చుంటారు. టైమౌటే లేనప్పుడు ఎన్ని రీట్రైలు పెట్టినా అవి మొదలయ్యే అవకాశమే రాదు. ఇచ్చిన టైమౌట్ కూడా మొత్తం కాల్‌కి కాదు. 5 అంటే, కనెక్షన్‌కి 5, ఆ తరవాత ఒక బైటుకీ ఇంకో బైటుకీ మధ్య 5. నాలుగు సెకన్లకో బైటు చొప్పున పంపే సర్వర్ మిమ్మల్ని సాయంత్రం దాకా కూర్చోబెట్టొచ్చు. మొత్తం గడువు కావాలంటే దాన్ని మనమే పైన కట్టుకోవాలి.

మిగతా లైబ్రరీల్లో డిఫాల్ట్‌లు చూడండి, ఎవరి లోకం వాళ్లది. ఏఐ మోడళ్లు నడిపే ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ కంపెనీల పైథాన్ లైబ్రరీలు మీరు అడగకపోయినా 2 సార్లు రీట్రై చేస్తాయి. కనెక్షన్ ఎర్రర్లు, 408, 409, 429, 500 నుంచి పైవన్నీ. డిఫాల్ట్ టైమౌట్ 10 నిమిషాలు. టైమౌట్ అయినా రీట్రై చేస్తాయి. పదిని మూడుతో గుణించండి, అరగంట. మోడల్ పెద్ద జవాబు రాయడానికి టైం పడుతుంది కాబట్టి వాళ్ల లెక్క వాళ్లకి న్యాయమే. చాట్ బాక్స్ ముందు కూర్చున్న మన యూజర్‌కి ఆ లెక్క పనికిరాదు. ఒక మంచి పని చేశారు వీళ్లు. సర్వర్ 60 సెకన్లకి మించి ఆగమంటే ఆ మాట పక్కనబెట్టి తమ సొంత ఎడం వాడతారు. ఆ ఎడం అర సెకనుతో మొదలై 8 సెకన్లు దాటదు. ఒకే సమస్యకి యూఆర్ఎల్‌లిబ్3 ఒక జవాబిచ్చింది, వీళ్లు ఇంకోటిచ్చారు, రెండిటికీ కారణం ఉంది.

429 అంటే కూడా రెండు రకాలు. "కొంచెం నెమ్మదిగా" అనేది ఒకటి. "నీ ఖాతాలో డబ్బులైపోయాయి" అనేది ఇంకోటి. రెండోదానికి ఎన్నిసార్లు పంపినా లాభం లేదు, కార్డు తియ్యాలి. కోడ్ నంబర్ మాత్రమే చూసి తేల్చేస్తే తేడా తెలియదు, లోపలి ఎర్రర్ పేరు కూడా చూడాలి.

అంకెల దగ్గరే ఇంకో తమాషా. యూఆర్ఎల్‌లిబ్3లో టోటల్ 3 అంటే మొదటిది కాక మూడు, మొత్తం నాలుగు. సర్వీసులు ఒకదాన్నొకటి పిలవడానికి వాడే జీఆర్‌పీసీలో మ్యాక్స్ అటెంప్ట్స్ 3 అంటే మొదటిదానితో కలిపి మూడు. అందులో 5 కంటే ఎక్కువ ఇచ్చినా అయిదుగానే తీసుకుంటుంది. అమెజాన్ క్లౌడ్‌ని పైథాన్‌లోంచి వాడే బోటో3 లైబ్రరీ అయితే ఒకే ఇంట్లో రెండు లెక్కలు. కాన్ఫిగ్‌లో మ్యాక్స్ అటెంప్ట్స్ ఇస్తే మొదటిది లెక్కలోకి రాదు. అదే పేరున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇస్తే మొదటిది కూడా లెక్కే. ఎవరైనా "మూడు పెట్టాం" అంటే, ఏ మూడు అని అడగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయమేసే విషయం. రీట్రై ఒక్కచోట ఉండదు. ఫ్రంటెండ్‌లో ఎవరో మూడు ప్రయత్నాలు పెడతారు. వెనక మన సర్వీసులో మూడు. అది వాడే ఎస్‌డీకేలో, అంటే బయటి సర్వీసు వాళ్లిచ్చే లైబ్రరీలో, మూడు. ఎవరికి వాళ్లు జాగ్రత్తపరులే. కిందున్న డేటాబేస్‌కి వెళ్లేది మాత్రం మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. అది కూడా డేటాబేస్ ఇబ్బందుల్లో ఉన్నప్పుడే. బాగున్న రోజు ఒకటే వెళ్తుంది కాబట్టి టెస్టింగ్‌లో ఇది ఎవరికీ కనబడదు. మనం పెట్టనివి కూడా ఉంటాయి. వచ్చిన రిక్వెస్ట్‌లని సర్వర్లకి పంచే ఎన్జిన్ఎక్స్ ప్రాక్సీ వెనక రెండు సర్వర్లుంటే, మొదటిది టైమౌట్ అయినప్పుడు రెండోదానికి తనే పంపుతుంది, అది డిఫాల్ట్. పోస్ట్‌ని అలా పంపడం 1.9.13 వెర్షన్ నుంచి మానేసింది. సర్వీసుల మధ్య ట్రాఫిక్ నడిపే ఇస్టియో వేసుకుంటే అదీ కొన్ని రకాల ఎర్రర్లకి 2 సార్లు మళ్లీ పంపుతుంది. కాబట్టి ఒక కాగితం మీద మీ రిక్వెస్ట్ దారి గీసి, ప్రతి మజిలీ దగ్గరా ఇక్కడ రీట్రై ఉందా అని రాసుకోండి. మా టీంలో గీస్తే మధ్యాహ్నం పట్టింది. అయిదు చోట్ల తేలింది. నాలుగు తీసేశాం.

పెద్ద కంపెనీలు కూడా దీనికి అతీతం కాదు. 2015 సెప్టెంబరు 20న అమెజాన్ డేటాబేస్ సర్వీసు డైనమోడీబీ అమెరికా తూర్పు రీజియన్‌లో గంటలపాటు అల్లాడింది. వాళ్లే రాసి బయటపెట్టారు. స్టోరేజీ సర్వర్లు తమ వాటా డేటా ఏదో తెలుసుకోవడానికి ఒక మెటాడేటా సర్వీసుని అడగాలి. జవాబు గడువులోపు రాకపోతే అవి పనిలోంచి తప్పుకుని మళ్లీ అడుగుతాయి. జవాబులు పెద్దవై ఆలస్యమవడం మొదలయ్యాక, అందరూ మళ్లీ అడగడమే సరిపోయింది. ఆ సర్వీసుకి కెపాసిటీ పెంచుదామంటే, పెంచమని చెప్పే ఆదేశం కూడా ఆ రద్దీలోంచి లోపలికి పోలేదు. చివరికి వచ్చే రిక్వెస్టులు ఆపేసి, తరవాత పెంచారు.

మన దగ్గరా ఉంది ఉదాహరణ. 2025 ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించింది, గుర్తుందా? శనివారం. టీ కొట్టు దగ్గర చిల్లర వెతుక్కున్న రోజు. లావాదేవీ ఏమైందో కనుక్కునే చెక్ ట్రాన్సాక్షన్ రిక్వెస్టులు వెల్లువెత్తడమే కారణమని తరవాత తేలింది. డబ్బు పంపేవి కాదు, "ఏమైంది, ఏమైంది" అని అడిగేవి. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి నియమాలు బిగించారు. స్టేటస్ అడగడం మూడుసార్లకి మించకూడదు, మధ్యలో 90 సెకన్ల ఎడం ఉండాలి. ఆటోపే అయితే ఒక ప్రయత్నం, మూడు రీట్రైలు, అవి కూడా రద్దీ లేని వేళల్లో. చదువుతుంటే నాకు రీట్రై క్లాసు ఆర్గ్యుమెంట్లే కనిపించాయి. టోటల్, బ్యాకాఫ్, అన్నీ ఉన్నాయి. దేశం మొత్తానికి ఒకే కాన్ఫిగ్ ఫైలు!

ఎడం ఇస్తే సరిపోతుందా? చాలదు. ఇంటర్ రిజల్ట్స్ పదకొండింటికి అన్నారనుకోండి. పదకొండు కొట్టగానే వెయ్యిమంది ఒకేసారి తగిలారు, సర్వర్ చేతులెత్తేసింది. అందరి యాప్‌లోనూ ఒకే సెట్టింగ్. అందరూ సరిగ్గా ఒక సెకను ఆగుతారు. మళ్లీ వెయ్యిమందీ ఒకేసారి. తరవాత అందరూ రెండు సెకన్లు ఆగుతారు, మళ్లీ ఒకేసారి. క్రమశిక్షణ ఎక్కువైనా కష్టమే. అందుకని ఆగే సమయంలో కొంత లాటరీ కలపాలి, దాన్నే జిట్టర్ అంటారు. అమెజాన్‌లో మార్క్ బ్రూకర్ 2015లో దీన్ని సిమ్యులేషన్ చేసి చూపించాడు. నాలుగు సెకన్లు ఆగాల్సిన చోట, సున్నాకీ నాలుగుకీ మధ్య ఏదో ఒక అంకె తీసుకుని అంతసేపే ఆగు అన్నాడు. వందమంది పోటీ పడే చోట మొత్తం కాల్స్ సగానికి పైగా తగ్గాయి. యూఆర్ఎల్‌లిబ్3లో బ్యాకాఫ్ జిట్టర్ 2.0 నుంచి ఉంది. డిఫాల్ట్ సున్నాయే. పెట్టుకోవడం మర్చిపోకండి.

రీట్రై బడ్జెట్ అని ఇంకో మంచి ఆలోచన ఉంది. ఒక్కో కాల్‌కి ఎన్ని అన్నది కాకుండా, మన ప్రోగ్రాం మొత్తానికి ఎన్ని అని. బోటో3లో స్టాండర్డ్ మోడ్ పెడితే జేబులో 500 టోకెన్లు ఉంటాయి. ఒక రీట్రైకి 5 ఖర్చు, టైమౌట్ వల్ల అయితే 10. రీట్రై ఫలిస్తే ఖర్చు తిరిగి వస్తుంది, మామూలుగా సక్సెస్ అయిన కాల్‌కి ఒక్కటి చేరుతుంది. అంటే ఎక్కడో ఒకటి ఫెయిలైతే ధారాళంగా రీట్రై చేస్తుంది. వరసపెట్టి అన్నీ ఫెయిలవుతుంటే వంద రీట్రైల్లోపు జేబు ఖాళీ అయి, ఇక చాలని ఆగిపోతుంది. అయినా బోటో3 ఇంకా లెగసీ మోడ్‌నే డిఫాల్ట్‌గా ఉంచితే మీరే మార్చుకోవాలి, మీ వెర్షన్‌లో ఏదుందో చూసుకోండి.

మరి పోస్ట్‌ని రీట్రై చేయాల్సి వస్తే? చేయాల్సి వస్తుంది, పేమెంట్లన్నీ పోస్ట్‌లే కదా. దానికి ఐడెంపొటెన్సీ కీ. పేమెంట్ల కంపెనీ స్ట్రైప్ వాళ్లది అందరూ చూసి నేర్చుకున్న పద్ధతి. రిక్వెస్ట్‌తో పాటు ఒక కీ పంపుతాం. అదే కీ మళ్లీ వస్తే వాళ్లు పని మళ్లీ చేయరు, మొదటిసారి వచ్చిన జవాబే తిరిగి ఇస్తారు. మొదటిసారి 500 వచ్చి ఉంటే ఆ 500 కూడా అలాగే తిరిగి వస్తుంది. అదే కీతో వేరే వివరాలు పంపితే ఒప్పుకోరు. కనీసం 24 గంటలు గుర్తుపెట్టుకుంటారు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. రీట్రై లూప్ లోపల ప్రతిసారీ కొత్త యూయూఐడీ, అంటే ఇంకెక్కడా రాని ఐడీ, పుట్టిస్తారు. నాలుగు ప్రయత్నాలకి నాలుగు కీలు, ఇక కీ ఎందుకు? లైబ్రరీ తానే కీ పుట్టిస్తే లూప్‌కి బయటే పుట్టిస్తుంది, ఆ తప్పు జరగదు. కానీ మీ ప్రోగ్రాం మధ్యలో క్రాష్ అయి, లేచి, అదే పనిని క్యూలోంచి మళ్లీ తీసుకుంటే? లైబ్రరీకి అది కొత్త కాల్, కొత్త కీ. అందుకని మేం కీని మా డేటాబేస్ వరుసలోంచే తీస్తాం. రశీదు నంబరే కీ. ఆ రశీదుకి ఎన్నిసార్లు, ఎన్ని సర్వర్ల నుంచి, ఎన్ని రోజుల తరవాత పంపినా కీ మారదు. గేట్‌వే ఆ కీని గుర్తుపట్టగలిగితే సరి. మా మెసేజ్ గేట్‌వేకి అప్పట్లో ఆ సదుపాయమే లేదు, అందుకే అక్కడ పోస్ట్ రీట్రై పూర్తిగా తీసేశాం. కొందరికి రశీదు వెళ్లకపోవచ్చు. వెబ్‌సైట్‌లో చూసుకుంటారు. నాలుగు వెళ్లడం కంటే అది నయం అని మేం తేల్చుకున్నాం. ఓటీపీకి అయితే ఇంకోలా తేల్చుకునేవాళ్లమేమో.

చివరగా, రీట్రై జరిగిందని మీకు తెలియాలి. మూడో ప్రయత్నంలో సక్సెస్ అయితే డ్యాష్‌బోర్డులో పచ్చగానే ఉంటుంది. వారాల తరబడి ప్రతి కాల్‌కీ మూడు ప్రయత్నాలు పడుతున్నా ఎవరికీ తెలియదు. ఎన్నో ప్రయత్నంలో సక్సెస్ అయిందన్నది లాగ్‌లో రాయండి. నా ప్రసంగం ఇంతే, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, మేం రీట్రైల కోసం టెనాసిటీ అనే పైథాన్ ప్యాకేజీ వాడుతున్నాం. లైబ్రరీ రీట్రై వాడాలా, అది వాడాలా?

ఏదైనా ఒక్కటే వాడండి. రెండూ పెడితే గుణకారమే. టెనాసిటీ పెడితే లోపలి ఎస్‌డీకేలో మ్యాక్స్ రీట్రైస్ 0 చెయ్యండి. ఇంకోటి, టెనాసిటీ డెకరేటర్‌ని ఏ ఆర్గ్యుమెంట్లూ లేకుండా ఉత్తగా తగిలిస్తే ఏం చేస్తుందో తెలుసా? ఎడం లేకుండా, ఎప్పటికీ ఆగకుండా ప్రయత్నిస్తూనే ఉంటుంది. డాక్యుమెంటేషన్‌లో మొదట్లోనే ఉంది. చదివారా? లేదా? సోమవారం చూసుకోండి. (నవ్వులు)

ప్రశ్న: అన్ని రీట్రైలూ అయిపోయాక మాకు రీట్రై ఎర్రర్ అని వస్తోంది, సర్వర్ పంపిన అసలు మెసేజ్ కనబడట్లేదు.

అవును, 503లు అయిపోయాక లైబ్రరీ జవాబు బదులు ఎక్సెప్షన్ విసురుతుంది. రెయిజ్ ఆన్ స్టేటస్ అనేదాన్ని ఫాల్స్ చేస్తే ఆఖరి జవాబు మీ చేతికే వస్తుంది, లోపల సర్వర్ ఏం రాసిందో చదువుకోవచ్చు. అప్పుడు స్టేటస్ మీరే చూసుకోవాలి, సక్సెస్ అనుకుని ముందుకి పోకండి.

ప్రశ్న: అన్నీ చెప్పారు కానీ ఒక నంబర్ చెప్పండి మేడమ్. ఎన్ని పెట్టాలి?

సరే, నావి చెప్తాను. యూజర్ ఎదురుచూసే గెట్ కాల్‌కి ఒక్క రీట్రై, టైమౌట్ 3 సెకన్లు. మొదటి ప్రయత్నంలో దురదృష్టం ఉంటే రెండోదానికి తీరుతుంది, రెండోదానికీ తీరలేదంటే అది దురదృష్టం కాదు, అవతల ఏదో అయింది. రాత్రి నడిచే బ్యాచ్‌కి ఆరు, ఎడం రెండు నిమిషాల దాకా పెరగనిస్తాను, జిట్టర్‌తో. కీ లేని పోస్ట్‌కి సున్నా. మీ యూజర్లు నా యూజర్లు కారు కాబట్టి ఇవి రాసుకోకండి... అరె, ఆ అమ్మాయి అప్పుడే రాసేసుకుంది!